కంప్యూటరులోని దుబాసీలు

కొత్త వస్తువు ఇంటికి వచ్చినప్పుడు పాత వస్తువులతో దానికి పొత్తు కుదురునా, కుదరదా అను ప్రశ్న గృహస్థులకు కొత్తది కాదు. కొత్త ఇల్లు కట్టుకొన్నవారు తాతల నాటి భోషాణము గుమ్మములో పట్టక దానిని వసారాలోనే ఉంచవలసి వచ్చిన సందర్భములు మనమందరము ఎరిగినవే. భోషాణములో లోపము లేదు. గుమ్మములోను లోపము లేదు. రెండింటి కొలతలు వేరు, అంతియే. కంప్యూటరు వాడువారికి కలుగు ఒక పెద్ద చిక్కు ఇట్టిదే. నిన్నటివరకు చక్కగా అచ్చువేసిన ప్రింటరు, స్పష్టముగా పలికిన స్పీకర్లు, నిర్వహణ వ్యవస్థను మార్చిన మరునాడు ఉలుకు పలుకు లేక కూర్చుండును. తీగ తెగలేదు. పరికరము కాలిపోలేదు. ఎవరును దానిని క్రింద పడవేయలేదు. అయినను అది పనిచేయదు. ఇది ఎందుచేత జరుగునో, ఆ నష్టము చివరకు ఎవరి నెత్తిన పడునో, దానిని తప్పించుకొను మార్గమేదో ఈ ప్రసంగమున మేము వివరింపదలచితిమి.

కంప్యూటరు అనునది ఒక్క వస్తువు కాదు. అనేక పరికరముల కూటమి. లోపల లెక్కలు కట్టు ప్రాసెసరు, తెరపై బొమ్మను గీయు గ్రాఫిక్సు కార్డు, ధ్వనిని పుట్టించు సౌండు కార్డు ఉండును. వెలుపల ప్రింటరు, స్కానరు, కెమెరా మొదలగునవి తగిలించబడి యుండును. వీటన్నిటిని ఒక్క ఆజ్ఞకు లోబరచి, దేని పని దానిచేత చేయించు మూల కార్యక్రమమునకు ఆపరేటింగ్ సిస్టము అని పేరు. తెలుగున దానిని నిర్వహణ వ్యవస్థ అనవచ్చును. విండోస్, మాక్ ఓ.ఎస్., లినక్సు ఈ కోవలోనివి.

అయితే ఈ నిర్వహణ వ్యవస్థకు ప్రతి పరికరము యొక్క లోగుట్టు తెలియదు. ప్రపంచమున ఎన్నియో సంస్థలు ఎన్నియో రకముల ప్రింటర్లను చేయుచున్నవి. ఒక ప్రింటరులో సిరా ఎప్పుడు వదలవలెనో, కాగితమును ఎంత జరుపవలెనో దానిని చేసిన సంస్థకే తెలియును. ఆ సంస్థకు తన ప్రింటరు సంగతి తెలియును గాని, ప్రపంచములోని కంప్యూటర్లన్నిటి సంగతి తెలియదు. ఈ ఇరువురి నడుమ మాట కలుపుటకు ఒక మధ్యవర్తి కావలెను. అట్టి మధ్యవర్తియే డ్రైవరు. కారు నడుపువానిని డ్రైవరు అనుట మనకు అలవాటు. కంప్యూటరులోని డ్రైవరు మనిషి కాదు. అది ఒక చిన్న కార్యక్రమము. చాలవరకు పరికరమును చేసిన సంస్థయే దీనిని వ్రాసి ఇచ్చును.

కుంపిణీ దొరల కాలమున చెన్నపట్టణములో దుబాసీలు ఉండెడివారు. దుబాసీ అనగా రెండు భాషలు తెలిసినవాడు. దొరకు తెలుగు రాదు. బట్టలు నేయు సాలెవానికి ఇంగ్లీషు రాదు. దుబాసీ దొర మాటను తెలుగున సాలెవానికి, సాలెవాని మాటను ఇంగ్లీషున దొరకు చెప్పి వ్యాపారము నడిపించెడివాడు. డ్రైవరు చేయు పని సరిగా ఇదియే. ఇప్పుడు ఇంగ్లీషు దొర వెళ్లి అతని స్థానమున ఫ్రెంచి దొర వచ్చినాడనుకొందము. కొత్త దొర పాతవానికంటె సమర్థుడే కావచ్చును. సాలెవాడును మునుపటివలెనే మంచి పనివాడే. కాని నడుమనున్న దుబాసీకి ఫ్రెంచి రాదు. వ్యాపారము ఆగిపోవును. నిర్వహణ వ్యవస్థ మారినప్పుడు జరుగునది ఇంతే. పరికరము చెడలేదు, దాని తరపున మాటలాడువాడు లేకపోయినాడు.

అంత మాత్రమే అయినచో చిక్కు చిన్నది. డ్రైవరుకు మరియొక విశేషము కలదు. దేవాలయములో భక్తులందరు మండపము వరకే పోగలరు. గర్భాలయములోనికి అర్చకుడు మాత్రమే పోగలడు. కంప్యూటరులోను ఇట్టి హద్దు కలదు. మనము వాడు సామాన్య కార్యక్రమములన్నియు వెలుపలి మండపములో తిరుగును. వాటిలో ఒకటి తప్పుచేసిన అది ఒక్కటే పడిపోవును; తక్కినవి నిలుచును. కెర్నెలు అను మూలస్థానము మాత్రము గర్భాలయము వంటిది. అక్కడ తప్పు జరిగినచో యంత్రమంతయు ఒక్కసారిగా స్తంభించిపోవును. విండోస్ వాడువారు నీలి తెర అని భయపడునది అదియే. పరికరములతో నేరుగా వ్యవహరింపవలసి యున్నందున పెక్కు డ్రైవర్లకు ఈ గర్భాలయ ప్రవేశము ఈయబడినది. అనగా ఎక్కడనో ఒక సంస్థలో ఒక ఉద్యోగి చేసిన చిన్న పొరపాటు మన యంత్రమును సమూలముగా పడగొట్టగలదు. విండోస్ ఎక్స్‌పిలో నమోదైన వైఫల్యములలో నూటికి 85 డ్రైవర్ల వలననే కలిగినవని అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో ప్రకటించిన పత్రమున పేర్కొనిరి.

ఈ రెండు సంగతులను మనసున ఉంచుకొని ఒక ప్రసిద్ధమైన ఉదాహరణమును పరిశీలింతము.

విస్టా కథ

మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ ఎక్స్‌పిని 2001 అక్టోబరు 25న విడుదల చేసినది. దాని తరువాతి ప్రధాన వ్యవస్థయైన విండోస్ విస్టా వ్యాపారసంస్థలకు 2006 నవంబరు 30న, సామాన్య ప్రజలకు 2007 జనవరి 30న అందినది. నడుమ అయిదేండ్లకు పైగా గడచినది. ఈ కాలమున ప్రపంచములోని ప్రింటర్లు, స్కానర్లు, కార్డులు అన్నియు ఎక్స్‌పికి అలవాటు పడిపోయినవి. వాటి దుబాసీలు ఎక్స్‌పి భాషలో ఆరితేరినవి.

విస్టా నిర్మాతలు మూడు పెద్ద మార్పులను తలపెట్టిరి. మొదటిది తెరకు సంబంధించినది. గ్రాఫిక్సు డ్రైవరు అంతయు గర్భాలయములో ఉండుట ప్రమాదకరమని భావించి దానిని రెండుగా విడదీసిరి. పెద్ద భాగమును వెలుపలి మండపమునకు తరలించి, తప్పనిసరియైన చిన్న భాగమును మాత్రమే లోపల ఉంచిరి. గ్రాఫిక్సు కార్డు రెండు క్షణములపాటు బదులు పలుకకున్నచో, యంత్రమును పడనీయక దానిని మాత్రమే తిరిగి మేల్కొలుపు ఏర్పాటును కూడ చేసిరి. రెండవది ధ్వనికి సంబంధించినది. ధ్వనులను కలుపు పని చాలవరకు కెర్నెలు నుండి వెలుపలికి వచ్చినది. మూడవది భద్రతకు సంబంధించినది. విస్టాలోని 64 బిట్ల రకమున కెర్నెలులోనికి ప్రవేశించు ప్రతి డ్రైవరుకు అధికారికమైన డిజిటల్ సంతకము ఉండి తీరవలెనని నియమము పెట్టిరి. అదియును గాక, 32 బిట్ల వ్యవస్థ కొరకు వ్రాసిన డ్రైవరు 64 బిట్ల కెర్నెలులో పనిచేయనే చేయదు. పరికరము ఒక్కటే అయినను రెండు రకములకు రెండు డ్రైవర్లు వ్రాయవలెను.

ఈ మార్పులలో ఒక్కటియు అనవసరమైనది కాదు. మూడును యంత్రము పడిపోకుండుటకో, దుర్మార్గుల చొరబాటు తగ్గించుటకో ఉద్దేశింపబడినవే. కాని మూడును ఒక్కసారి వచ్చినందున లోకములోని దుబాసీలందరు ఏకకాలమున కొత్త భాష నేర్చుకొనవలసి వచ్చినది.

వారు నేర్చుకొనిరా? చాలమంది సమయమునకు నేర్చుకొనలేదు. ఇందుకు సాక్ష్యము ఆ సంస్థ లోపలినుండియే లభించుట విశేషము. తరువాత చెప్పబోవు ఒక న్యాయస్థాన వ్యవహారములో ఆ సంస్థ అధికారుల ఉత్తరములు 2008లో బయటపడినవి. మైక్రోసాఫ్ట్ సంస్థకు ఒకప్పుడు అధ్యక్షుడుగా పనిచేసి, అప్పటికి డైరెక్టర్ల మండలిలో సభ్యుడుగానున్న జాన్ షర్లీ, తన యింటి ప్రింటరుకు, స్కానరుకు డ్రైవర్లు లేనందున తన రెండవ కంప్యూటరును విస్టాకు మార్చలేకున్నానని ముఖ్యాధికారి స్టీవ్ బామర్‌కు వ్రాసినాడు. ఆ స్కానరుకు డ్రైవరు వ్రాయబోమని దానిని చేసిన సంస్థ చెప్పివేసినదట. తాను పాలకమండలిలో కూర్చుండు సంస్థ చేసిన వ్యవస్థను తన యింటనే నెలకొల్పుకొనలేని స్థితి ఆయనకు కలిగినదన్నమాట.

విండోస్ విభాగమునకు అధిపతియైన స్టీవెన్ సినోఫ్‌స్కీ దీనికి కారణములను మరుగు లేక చెప్పినాడు. విస్టా నిజముగా విడుదలయగునని ఎవరును నమ్మలేదనియు, అందువలన పరికరముల సంస్థలు 2006 చివరివరకు పని ప్రారంభింపలేదనియు ఆయన అభిప్రాయము. తెరకు, ధ్వనికి సంబంధించిన పునాదులు మారుట వలన ఆరంభమున వినియోగదారులకు చెడు అనుభవము కలిగినదని కూడ ఆయన అంగీకరించినాడు. విస్టా నిర్మాణము నిజముగనే ఒడుదొడుకులు పడినది; 2004లో పనిని చాలవరకు మొదటికి తెచ్చి తిరిగి ప్రారంభించిరి. పలుమార్లు వాయిదా పడిన పెండ్లికి చుట్టములు ముందుగా ప్రయాణము కట్టనట్లే, పలుమార్లు వాయిదా పడిన వ్యవస్థకు డ్రైవర్లు వ్రాయువారును ముందుగా పూనుకొనలేదు.

ఫలితము అంకెలలో కనిపించును. యంత్రము పడిపోయినప్పుడు వినియోగదారుని అనుమతితో ఆ వార్త మైక్రోసాఫ్ట్ సంస్థకు చేరు ఏర్పాటు కలదు. అట్లు 2007లో చేరిన విస్టా వైఫల్యముల నివేదికలను ఆ సంస్థ వర్గీకరించినది. ఆ పట్టిక ప్రకారము నూటికి సుమారు 29 వైఫల్యములు ఎన్విడియా సంస్థ డ్రైవర్ల వలన కలిగినవి. నూటికి సుమారు 18 మైక్రోసాఫ్ట్ సంస్థ స్వంత కార్యక్రమముల వలనను, 9 చొప్పున ఏటీఐ, ఇంటెల్ సంస్థల డ్రైవర్ల వలనను కలిగినవి. అనగా ప్రజలు విస్టా పడిపోయినదని తిట్టిన సందర్భములలో పెక్కింట నిజముగా పడిపోయినది ఇంకను కొత్త భాష పూర్తిగా పట్టుబడని దుబాసీ.

చీటీ పెట్టిన చిచ్చు

విస్టా వెలువడుటకు ముందు, 2006లో, కంప్యూటరు కొనువారు ఎక్స్‌పి యంత్రములను కొనుట మానివేయుదురేమో అను భయము వ్యాపారులకు కలిగినది. ఆ భయమును పోగొట్టుటకు, ఈ యంత్రము రేపటి విస్టాను నడుపగలదని తెలుపు చీటీలను కొత్త కంప్యూటర్లపై అంటించిరి. ఈ చీటీలు రెండు రకములు. ఒకటి విస్టా యొక్క అన్ని సొగసులను చూపగల యంత్రములకు. రెండవది ఎట్లో నడుపగల యంత్రములకు.

ఆ కాలమున చవుక యంత్రములలో ఇంటెల్ సంస్థ చేసిన 915 అను గ్రాఫిక్సు భాగము విరివిగా వాడుకలో ఉండెను. విస్టా కోరు కొత్త గ్రాఫిక్సు డ్రైవరు పద్ధతికి ఆ భాగము తగదు. నియమము ప్రకారము దానికి చీటీ ఈయరాదు. కాని రెండవ రకపు చీటీకి ఆ నియమమును సడలించిరి. కావున ఆ యంత్రములు చీటీని ధరించి అంగళ్లలో నిలిచినవి. నియమమును నమ్మి ముందుగనే మంచి భాగములకు సొమ్ము ఖర్చుచేసిన హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ ఈ సడలింపును నిరసించినది. విండోస్ విభాగపు ఉపాధ్యక్షుడు మైక్ నాష్ 2,100 డాలర్లకు కొన్న యంత్రము ఉత్తరములు చూచుకొనుటకు తప్ప కొరగాలేదని వాపోవుట ఆ ఉత్తరములలోనే కనబడినది.

చీటీని నమ్మి మోసపోతిమని కొందరు వినియోగదారులు 2007లో సియాటిల్ నగరములోని ఫెడరల్ న్యాయస్థానమునకు పోయిరి. వారందరి తరపున ఒక్కటిగా వ్యాజ్యము నడుపుటకు 2008 ఫిబ్రవరిలో న్యాయమూర్తి అనుమతించెను. 2009 ఫిబ్రవరిలో ఆ అనుమతి రద్దయినది. వ్యాజ్యము వలన వారికి దక్కినది స్వల్పమే; కాని ప్రపంచమునకు ఆ ఉత్తరములు దక్కినవి. నడుపగలదు అను మాటకును, చక్కగా నడుపగలదు అను మాటకును గల దూరమును కొనువాడే కొలుచుకొనవలెనని అవి బోధించుచున్నవి.

డబ్బు ఎవరిది, శ్రమ ఎవరిది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. కొత్త వ్యవస్థ వచ్చినపుడు పాత స్కానరుకు కొత్త డ్రైవరు వ్రాయవలసిన బాధ్యత ఎవరిది? నిర్వహణ వ్యవస్థను చేసిన సంస్థకు ఆ స్కానరు లోగుట్టు తెలియదు. స్కానరు చేసిన సంస్థకు లోగుట్టు తెలియును గాని, అది దానిని ఎన్నడో అమ్మి సొమ్ము చేసుకొన్నది. కొత్త డ్రైవరు వ్రాయుటకు జీతములు ఈయవలెను, పరీక్షలు చేయవలెను. రాబడి మాత్రము లేదు. పైగా పాత స్కానరు మూలబడినచో కొత్తది అమ్ముడుపోవును. కావున ఆ సంస్థ మౌనము వహించుట వ్యాపారరీత్యా ఆశ్చర్యము కాదు. వినియోగదారుని చేత సొమ్మును లేదు, లోగుట్టును లేదు. పనిచేయని పరికరము ఒకటి మాత్రము ఉన్నది. ఇరువురు వ్యాపారుల నడుమ కుదరని ఒప్పందపు నష్టము, ఒప్పందములో భాగస్థుడే కాని మూడవవాని నెత్తిన పడుచున్నది. ఈ విషయమున మనము గ్రహింపవలసిన సారాంశము ఇదియే.

సౌండు కార్డులకు పేరుపొందిన క్రియేటివ్ సంస్థ విషయమున ఇది బాహాటముగా వెల్లడియైనది. విస్టాలో ధ్వని పునాదులు మారుట వలన ఆ సంస్థ కార్డులకు గల కొన్ని ప్రత్యేక శక్తులు మూగవోయినవి. సంస్థ ఇచ్చిన డ్రైవర్లు చాలమందికి తృప్తి కలిగింపలేదు. ఒక ఔత్సాహికుడు ఆ డ్రైవర్లను తానే సవరించి, కోల్పోయిన శక్తులను చాలవరకు తిరిగి రప్పించి, ఇతరులకు పంచిపెట్టుచు విరాళములను కోరినాడు. 2008 మార్చిలో సంస్థ అతనిని బహిరంగముగా వారించినది. ఏ కార్డులో ఏ శక్తి ఉండవలెనో నిర్ణయించుట తమ వ్యాపార హక్కని చెప్పినది. కొనుగోలుదారులు మండిపడిరి, తరువాత సంస్థ కొంత మెత్తబడినది. సొమ్ము చెల్లించి ఇంటికి తెచ్చుకొన్న వస్తువు ఎవరిది అను ప్రశ్నను ఆ ఉదంతము అందరి ఎదుట నిలిపినది.

ఈ చిక్కుకు రెండు మార్గములు కనుగొనబడినవి. మొదటిది అందరును ఒక ఉమ్మడి భాషకు ఒప్పుకొనుట. యు.యస్.బి. పరికరములలో తరగతులు అను ఏర్పాటు కలదు. కీబోర్డులు, మౌసులు, పెన్ డ్రైవులు తమ తమ తరగతికి నిర్ణయించిన భాషనే మాటలాడును. నిర్వహణ వ్యవస్థలో ఆ తరగతికి ఒక్క డ్రైవరున్న చాలును. సంస్థకొక దుబాసీ అక్కరలేదు. ఎన్ని వ్యవస్థలు మారినను పెన్ డ్రైవు పనిచేయుచునే యుండుటకు కారణమిది.

రెండవ మార్గము లినక్సు వారిది. అక్కడ డ్రైవర్ల మూలపాఠము రహస్యము కాదు. చాలవరకు కెర్నెలు మూలపాఠముతోనే కలిపి అందరికి అందుబాటులో ఉంచబడును. కెర్నెలులో మార్పు చేయువారు దానితో పాటు డ్రైవర్లను కూడ సవరింతురు. దుబాసీ దొర కొలువులోనే ఉన్నందున భాష మారినపుడు అతడును నేర్చుకొనును. అందుచేతనే విండోస్‌లో మూలబడిన పాత స్కానర్లు కొన్ని లినక్సులో నేటికిని పనిచేయుచున్నవి. అయితే మూలపాఠమును గాని, కనీసము పరికరపు వివరములను గాని ఈయని సంస్థల పరికరములు అక్కడను మూగవే. సరికొత్త పరికరములకు లినక్సులోను కొంతకాలము వేచియుండవలసి వచ్చును.

పాతవారిని విడనాడక కొత్తదానిని ప్రవేశపెట్టుట ఎట్లో మన రేడియో శ్రోతలకు తెలియని సంగతి కాదు. ప్రసారములను డిజిటల్ పద్ధతికి పూర్తిగా మార్చివేసినచో ఇంటిలోని పాత రేడియో ఆ ప్రసారములను పలుకజాలదు. అందువలన ఒకే కేంద్రము నుండి పాత పద్ధతిని, డిజిటల్ పద్ధతిని ప్రక్కప్రక్కనే ప్రసారము చేయు ఏర్పాటు కలదు. కొత్త రేడియో ఉన్నవారు కొత్తదానిని, పాత రేడియో ఉన్నవారు పాతదానిని విందురు. దీనికి ఖర్చు ఎక్కువ. కాని ఎవరి యింటను రేడియో ఒక్క రాత్రిలో మూగవోదు. నిర్వహణ వ్యవస్థల నిర్మాతలు పాత పద్ధతిని ఎంతకాలము ప్రక్కన నిలిపియుంచుదురో, వినియోగదారుని కష్టము అంత తగ్గును.

విస్టా విషయమున న్యాయము చెప్పవలెనన్న మరియొక మాట కూడ చెప్పవలెను. ఆ పునాదులు వృథా కాలేదు. 2008లో వెలువడిన మొదటి సవరణల సంపుటితోను, కాలక్రమమున మెరుగుపడిన డ్రైవర్లతోను విస్టా కుదుటపడినది. 2009 అక్టోబరు 22న వెలువడిన విండోస్ 7 ఆ పునాదుల మీదనే నిలిచినది. విస్టా కొరకు వ్రాసిన డ్రైవర్లు చాలవరకు దానిలో పనిచేసినవి. కావున విండోస్ 7 మొదటిరోజు నుండియే మంచి పేరు తెచ్చుకొన్నది. విస్టాను తొలినాళ్లలో వాడినవారు పడిన అవస్థలు, వారి యంత్రములు పంపిన నివేదికలు ఆ మంచి పేరుకు ఎరువు. ఎవరో ఒకరు ముందు నడువనిదే బాట పడదు. అయితే ముందు నడుచువాడు ముండ్లున్నవని తెలిసి నడువవలెను గాని, తివాచీ పరచినారని నమ్మి నడువరాదు.

గృహస్థులకు కొన్ని సూచనలు

కొత్త నిర్వహణ వ్యవస్థను తొలినాళ్లలోనే తెచ్చుకొనదలచినవారు కొన్ని జాగ్రత్తలు తీసికొనుట మంచిది.

మొదట ఇంటిలోనో, దుకాణములోనో కంప్యూటరుకు తగిలించు పరికరములన్నిటి జాబితా వ్రాసికొనవలెను. సంస్థ పేరు చాలదు. పరికరము వెనుక అచ్చొత్తిన మోడలు సంఖ్య ముఖ్యము. ఒక్కొక్క దానికి ఆ కొత్త వ్యవస్థకు తగిన డ్రైవరు ఉన్నదో లేదో సంస్థ వారి ప్రకటనలో చూడవలెను. ఉన్నది అనిన ఉన్నట్లు. త్వరలో ఇత్తుము అనిన లేనట్లే లెక్క. 32 బిట్లా, 64 బిట్లా అనునది కూడ సరిచూచుకొనవలెను.

రెండవది, ఇంటర్నెట్టుకు కలుపు నెట్‌వర్కు కార్డు డ్రైవరును ముందుగనే పెన్ డ్రైవులో భద్రపరచుకొనవలెను. ఆ ఒక్క డ్రైవరు లేకున్నచో తక్కినవాటిని తెచ్చుకొను దారి మూసికొనిపోవును. బావిలో చేద జారవిడిచిన పిదప దాహమునకు వెదకుకొనుట వంటిది అది.

మూడవది, పాత వ్యవస్థను, అందులోని పత్రములను, ఛాయాచిత్రములను మొత్తముగా వేరొక డిస్కులో నకలు తీసి ఉంచుకొనవలెను. తిరిగి వచ్చుటకు దారి ఉన్నవాడే ధైర్యముగా ముందుకు పోగలడు. వీలయినచో కొత్త వ్యవస్థను వేరొక డిస్కులో పరీక్షించుట మేలు. లినక్సు రకములు పెక్కింటిని లోపల స్థాపింపకయే పెన్ డ్రైవు నుండి నడిపి, ఏ పరికరము పలుకుచున్నదో, ఏది మూగవోయినదో చూడవచ్చును.

నాలుగవది, సమయము. శుభలేఖలు అచ్చువేయు దుకాణమువారు ముహూర్తముల మాసమున గాని, లెక్కలు వ్రాయువారు మార్చి నెలలో గాని, విద్యార్థులు పరీక్షల ముందు గాని ఈ పనికి పూనుకొనరాదు. తొందర లేనివారు తొలి కొన్ని మాసములు ఓపిక పట్టి, మొదటి సవరణలు వెలువడిన పిమ్మట మారుట క్షేమము.

అయిదవది, ఒక్క పరికరమునకు మాత్రమే డ్రైవరు దొరకనిచో దానిని పారవేయనక్కరలేదు. పాత కంప్యూటరును దాని కొరకే ఉంచుకొనవచ్చును. అయితే సవరణలు ఆగిపోయిన పాత వ్యవస్థను ఇంటర్నెట్టుకు కలుపరాదు. అది గొళ్లెము లేని తలుపు వంటిది.

ఈ చివరి మాట నేడు తొలి వరుసలో నడుచువారికే కాక అందరికి వర్తించును. విండోస్ 11 2021 అక్టోబరు 5న వెలువడినది. దానికి టి.పి.యం. 2.0 అను భద్రతా విభాగము కావలెననియు, కొన్ని తరముల ప్రాసెసర్లకే అనుమతి అనియు నియమములు పెట్టబడినవి. విండోస్ 10కి సాధారణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. ఆ రెండు తేదీల నడుమ, చక్కగా పనిచేయుచున్న ఎన్నియో యంత్రములు అరుగకయే పాతబడినవి. కొత్తదానికి తొందరపడనివారు కూడ ఒకనాటికి ఆ గుమ్మము ముందు నిలువవలసినదే. ముందుగా పోయినవానికి డ్రైవరు దొరకదు. వెనుక నిలిచిపోయినవానికి రక్షణ దొరకదు. ఈ రెండింటి నడుమ గల అదనును కనిపెట్టుటయే వివేకము.

కావున ఇక ముందు ఒక ప్రింటరునో, స్కానరునో కొనునప్పుడు దాని వెలతో పాటు మరి రెండు ప్రశ్నలు అంగడివానిని అడుగవలసి యున్నది. ఇది అందరును ఒప్పిన ఉమ్మడి భాష మాటలాడునా? కాదేని, దీని డ్రైవరును ఈ సంస్థ ఎన్ని యేండ్లు కాపాడును? వస్తువు మన్నిక దాని ఇనుములోను, ప్లాస్టిక్కులోను మాత్రమే లేదు. దాని తరపున మాటలాడు దుబాసీ ఎంతకాలము కొలువులో ఉండునో, ఆ వస్తువు ఆయుర్దాయమును అంతియే.